శనివారం రీస్లింగ్

వైశాలి చేసినటువంటి పొరపాటు తెల్లవాళ్లెవరూ చెయ్యలేరు. దానికి పంచాంగం ఉండాలి, తెనాలిలో ఒక అమ్మ ఉండాలి, ఆ అమ్మకు దాచిపెట్టిన సంగతి ఒకటి ఉండాలి. వైశాలికి ఈ మూడింటికీ కొదవ లేదు.

ఆమె మెల్‌బోర్న్‌లో నది ఒడ్డున ఉన్న ఒక చేపల రెస్టారెంట్‌లో పనిచేస్తుంది. చదువుకోవడానికి వచ్చిన రోజుల్లో అక్కడ గ్లాసులు కడగడానికి చేరింది. తర్వాత బల్లల దగ్గర వడ్డనకు వచ్చింది. పీఆర్, అంటే ఆ దేశంలో స్థిరపడే అనుమతి, వచ్చాక కూడా కదలకుండా అక్కడే పాతుకుపోయింది. తను ఉండే శివారు వెర్రిబీలో ఎవరింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్లినా ఒక ఆంటీ ఆమెను పక్కకు పిలిచి, బిజినెస్ అనలిస్ట్ కోర్సు చేస్తే హాయిగా ఆఫీసులో కూర్చోవచ్చు కదమ్మా అని జాలిపడేది. వైశాలి పులిహోర తింటూ తల ఊపేది. తనకు కావలసింది ఆ రెస్టారెంట్‌లోనే ఉందని ఆంటీలకు ఎలా చెబుతుంది?

ఆమెకు కావలసింది వైన్. తాగడానికి కాదు, తెలుసుకోవడానికి. మన ఊళ్లలో వైన్స్ అన్న బోర్డు కింద ఏం అమ్ముతారో, దాని ముందు ఎలాంటివాళ్లు నిలబడతారో అందరికీ తెలుసు కనక ఆ మాట ఆమె పుట్టింట్లో ఎప్పుడూ ఎత్తలేదు. అమ్మ భ్రమరాంబ లెక్కలో కూతురు పెద్ద హోటల్లో మేనేజ్‌మెంట్ చూస్తోంది. కూతురేమో ఆ ద్రాక్ష ఏ దేశంలో పండిందో, అక్కడ చలి ఎంతో, నేల ఎలాంటిదో గ్లాసులో ముక్కు పెట్టి చెప్పడం నేర్చుకుంటోంది. వైన్ నోట్లో పోసుకుని, అటూ ఇటూ తిప్పి, బకెట్లో ఉమ్మెయ్యాలి. ఎంగిలి అన్న మాట వింటూ పెరిగిన పిల్లకు పదిమంది ముందు ఉమ్మడం మొదట్లో ప్రాణం పోయినంత పనయ్యేది. తర్వాత అదీ అలవాటైంది.

ఏ వైన్ కొనాలో, ఏ చేపకు ఏది పొయ్యాలో చూసుకునే మనిషిని సొమెలియర్ అంటారు. ఆ రెస్టారెంట్‌లో ఆ పని చేస్తున్నాయన టాస్మానియాకు వెళ్లిపోతున్నాడు. ఆ ఉద్యోగం తనకు రావాలని వైశాలి ఎన్నాళ్లుగానో కాచుకుని ఉంది. బల్లల దగ్గర పనిచేసే లియామ్ కూడా కాచుకుని ఉన్నాడు. యజమానురాలు గ్లెనిస్ అరవై దాటిన మనిషి, పొదుపుగా మాట్లాడుతుంది. యూరప్‌లోని చలి ప్రాంతాల నుంచి తెల్ల వైన్లు కొత్తగా తెప్పించాలనుకుంటోంది. సీసాలకు కాగితపు సంచులు తొడిగి ఇద్దరి ముందూ పెడతానంది. అది ఏమిటో, ఎక్కడిదో చెప్పాలి. కొనమంటారో వద్దంటారో కూడా చెప్పాలి. ఎవరు బాగా చెబితే ఉద్యోగం వాళ్లది. వచ్చే బుధవారం కాక పైవారం బుధవారమైనా సరే, శనివారమైనా సరే, రోజు నువ్వే చెప్పు అని వైశాలికే వదిలేసింది.

ఇలాంటి అవకాశం ఇచ్చాక తెనాలికి ఫోన్ చెయ్యకుండా ఉండటం ఎవరి తరం? ఇంటర్వ్యూ ఉందనీ, రెండు రోజుల్లో ఒకటి ఎంచుకోవాలనీ చెప్పింది వైశాలి. భ్రమరాంబ కళ్లజోడు వెతుక్కుని, పంచాంగం తిరగేసి, ఇక్కడికీ అక్కడికీ గంటల తేడా వేళ్ల మీద వేసుకుని తేల్చేసింది.

"బుధవారం అష్టమి, పనికిరాదు. శనివారం పెట్టుకో. స్వామి వారం, పైగా ఏకాదశి. ఇంకేం కావాలే నీకు?"

వైశాలికీ ఇంకేమీ అక్కర్లేదనిపించింది. ఫోన్ పెట్టీ పెట్టగానే శనివారం అని గ్లెనిస్‌కు మెసేజ్ కొట్టింది.

ఆ మధ్యలో వచ్చిన శనివారం పొద్దున్న తలంటుకుని, దీపం పెట్టి, వెంకటేశ్వరస్వామి పటం ముందు చేతులు జోడించినప్పుడు గాని తను ఏం చేసిందో ఆమెకు తెలిసిరాలేదు. జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి.

పీఆర్ ఫైలు ఎటూ కదలక, వెనక అప్లై చేసినవాళ్లకు కూడా ముందు వచ్చేసి, నిద్ర పట్టని రోజుల్లో ఆమె మొక్కుకుంది. పీఆర్ గ్రాంట్ వస్తే బతికినంత కాలం శనివారాలు ఒంటిపూట ఉంటాననీ, ఆ రోజు మాంసం గానీ మద్యం గానీ నోట్లో పడనివ్వననీ. గ్రాంట్ వచ్చింది. స్వామి తన మాట నిలబెట్టుకున్నాడు కనక ఆమె తన మాట నిలబెట్టుకుంటూ వస్తోంది. శనివారాలు బల్లల దగ్గర వైన్ పోసేది గాని నోట్లో పోసుకునేది కాదు. పొయ్యడం వేరు, పుచ్చుకోవడం వేరని ఆ విషయం స్వామితో ముందే మాట్లాడి పెట్టుకుంది. ఇప్పుడు ఏం మాట్లాడుతుంది? అమ్మను అడుగుదామంటే ఇంటర్వ్యూలో నోట్లో ఏం పోసుకుంటారో ముందు అమ్మకు చెప్పాలి.

తేదీ మార్చడానికి వీలవుతుందా అని గ్లెనిస్‌ను అడిగింది. ఆ సీసాలు దిగుమతి చేసుకునేవాడి దగ్గర నుంచి ఆ రోజుకే వస్తాయనీ, లియామ్ అప్పటికే షిఫ్ట్ మార్చుకున్నాడనీ, అయినా రోజు ఎంచుకున్నది నువ్వే కదా అనీ గ్లెనిస్ అంది. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

వైశాలి భర్త భార్గవ్ సాఫ్ట్‌వేర్ మనిషి, విజయవాడవాడు, మంచివాడు. ఈ లోకంలో ఏ చిక్కుకైనా ఒక పక్కదారి ఉంటుందని అతని నమ్మకం. సంగతి వినగానే పక్కదారులు వెతకడం మొదలుపెట్టాడు.

"నువ్వు స్పిట్ చేస్తావ్ కదా. మింగకపోతే తాగినట్టు ఎట్టా అవుద్ది?"

"నోట్లో పడనివ్వనని మొక్కుకున్నా. మింగనని కాదు."

"పోనీ టైమ్ డిఫరెన్స్ చూడు. ఇక్కడ శనివారం తెల్లారేటప్పటికి తిరుపతిలో ఇంకా శుక్రవారమే. ఎర్లీగా పెట్టమని అడుగు."

"పదకొండింటికి టెస్ట్. అప్పటికి కొండ మీద సుప్రభాతం కూడా అయిపోద్ది."

భార్గవ్ నవ్వాడు. తర్వాత నవ్వడం మానేసి, ఆమె పక్కన కూర్చుని, దీనికోసం ఇన్నేళ్లు కాళ్లు వాచేలా నిలబడ్డావు, ఒక్క శనివారం పోతే పోయింది, ఈసారి ఇండియా వెళ్లినప్పుడు హుండీలో ఏదైనా వేద్దాం, స్వామి ఏమీ అనుకోడు అన్నాడు. వైశాలికి ఒళ్లు మండింది. సరిగ్గా అదే మాట తనకూ పొద్దుటి నుంచి నాలుగైదుసార్లు తోచింది మరి.

"నా గ్రాంట్ ఇచ్చేటప్పుడు ఆయన అందులో ఒక రోజు తగ్గించి ఇచ్చాడా?" అంది. "నోటికే కదా మొక్కు. ముక్కుకి లేదుగా. స్మెల్ చూసే చెప్తా."

అలా మొదలైంది ఆమె సాధన. ఇంట్లో ఇంగువ తాలింపు బంద్ అయింది. వాసన సబ్బు వెళ్లిపోయి వాసన లేని సబ్బు వచ్చింది. స్వామికి దీపం మాత్రమే పెట్టి, అగరొత్తుల సంగతి టెస్ట్ అయ్యాక చూద్దామని విన్నవించుకుంది. భార్గవ్ ఇంగువ లేని పప్పు తింటూ, చున్నీతో కళ్లకు గంతలు కట్టుకున్న భార్య ముక్కు కింద ఒక్కొక్క డబ్బా పెట్టేవాడు. మెంతులు, ధనియాలు, నిమ్మతొక్క, కోసిన గడ్డి, తడిపిన సున్నపురాయి. ఒకసారి తన ఆఫీసు బూటు పెట్టి తన్నులు తిన్నాడు. గాలి మురుగునీటి ఫారం వైపు నుంచి తిరిగితే వచ్చే వాసన మీద మెల్‌బోర్న్ అంతా జోకులు వేసే వెర్రిబీలో కూర్చుని ముక్కుకు పదును పెట్టడం ఏమిటని ఏడిపించేవాడు. పనిలో ఆమె సీసాల అడుగున మిగిలిన చుక్కలు గ్లాసులో పోసుకుని, వాసన చూసి, పేరు చెప్పుకుని, అప్పుడు సీసా తిప్పి చూసుకునేది. మొదట్లో అన్నీ తప్పులే. పోనుపోను తప్పులు తగ్గాయి.

కానీ ఒక్క భయం మాత్రం తగ్గలేదు. ముక్కు ద్రాక్ష పేరు చెబుతుంది, ఊరి పేరు చెబుతుంది. తీపి ఉందో లేదో మాత్రం చెప్పదు. చక్కెరకు వాసన లేదు. జర్మనీలో మోజెల్ అనే నది ఒడ్డున, నిలబడితే జారిపడేంత వాలుగా ఉన్న కొండల మీద రీస్లింగ్ అనే ద్రాక్ష పండుతుంది. అదే కొండ, అదే ద్రాక్ష. ఒకడు తీపి మిగిల్చి వైన్ చేస్తాడు, పక్కవాడు తీపి అంతా పోయేదాకా ఉంచి డ్రైగా చేస్తాడు. రెండూ గ్లాసులో పక్కపక్కన పెడితే ముక్కుకు దాదాపు ఒక్కలాగే ఉంటాయి. నాలుక ఒక్కటే తేల్చగలదు. ఆ రీస్లింగ్ రాకపోతే బాగుండునని వైశాలి అనుకుంది. రాకుండా ఉంటుందా?

ఆ శనివారం లియామ్ ముందు వెళ్లాడు. లోపల అతని గొంతు ధారాళంగా వినిపించింది. మూతి తుడుచుకుంటూ బయటికి వచ్చి, ఆల్ ద బెస్ట్ అని ఆమె భుజం తట్టాడు. గెలిచినవాళ్లే అంత మనస్ఫూర్తిగా భుజం తట్టగలరు.

బల్ల మీద గ్లాసులు వరసగా ఉన్నాయి, వెనక సంచులు తొడిగిన సీసాలు. గ్లెనిస్ ఎదురుగా టీ కప్పుతో కూర్చుంది. వైశాలి మొదటి గ్లాసు ఎత్తింది. సున్నం వేసిన గోడ మీద నీళ్లు చల్లిన వాసన. షాబ్లీ, ఫ్రాన్స్ అంది. రెండో దాంట్లో మిరియాల ఘాటు తగిలింది. ఆస్ట్రియా, గ్రూనర్ ద్రాక్ష అని చెప్పి, చాలా శుభ్రంగా ఉంది, మంచి చేతి పని అని కూడా కలిపింది. మూడోది కోసిన గడ్డి వాసన వేసింది. ఫ్రాన్స్‌లో లోయిర్ నది వైపుది అంది. గ్లెనిస్ అవునని గానీ కాదని గానీ అనకుండా వింటూ, చివరికి కప్పు కింద పెట్టింది.

"నువ్వు ఒక్కటీ నోట్లో పెట్టలేదు."

"ఇవాళ పెట్టను. మా దేవుడికి మాట ఇచ్చాను, శనివారం మద్యం నోట్లో పడనివ్వనని."

"ఈ రోజు ఎంచుకునేటప్పుడు ఆ మాట లేదా?"

"ఉంది."

"మరి ఎందుకు ఎంచుకున్నావు?"

"మా అమ్మ మంచి రోజని చెప్పింది."

గ్లెనిస్ చివరి గ్లాసు ఆమె వైపు జరిపింది.

అందులో వైశాలి భయపడినదే ఎదురైంది. నిమ్మతొక్క, పచ్చి ఆపిల్, ఎక్కడో వెనకగా రవ్వంత కిరసనాయిలు. రీస్లింగ్. మోజెల్ అని కూడా ముక్కు పట్టేసింది. డ్రైయా, తీపిదా? మళ్లీ వాసన చూసింది. మళ్లీ చూసింది. ముక్కు చెయ్యగలిగింది అంతే. ఏదో ఒకటి అనేస్తే సగానికి సగం అవకాశం ఉంది. అలా అనెయ్యడానికి ఆమె మనసు ఒప్పుకోలేదు. ఇన్నాళ్లు నేర్చుకున్నది బొమ్మా బొరుసూ వెయ్యడానికా అని తనమీద తనకే రోషం వచ్చింది.

గ్లాసు వంచి అరచేతిలో ఒక చుక్క వేసుకుంది. బొటనవేలితో, చూపుడువేలితో అద్దుకుని ఆరనిచ్చింది. అరిసెల పాకం పట్టేటప్పుడు అమ్మ వేళ్ల మధ్య చూసేది అలాగే. పొద్దున్నే బల్లలు తుడిచేటప్పుడు కూడా తీపి వైన్ ఒలికిన చోట గుడ్డ పట్టేసుకుంటుంది, డ్రై ఒలికిన చోట జారిపోతుంది. వేళ్లు ఆరాయి. నొక్కి విడదీసింది. ఎక్కడా అంటుకోలేదు.

"మోజెల్ రీస్లింగ్. డ్రై," అంది.

గ్లెనిస్ సంచి లాగేసింది. అదే. వైశాలికి ఒక్కసారిగా ఊపిరి ఆడింది. అప్పుడు గ్లెనిస్ అసలు ప్రశ్న వేసింది.

"బాగుందా? కొనమంటావా?"

చెప్పడానికి మాటలన్నీ నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి. ఇలాంటివి ఆమె వేరే రోజుల్లో ఎన్నో రుచి చూసింది. చురుకైన పులుపు, వెనక రాతి రుచి, చేపకు దివ్యంగా నప్పుతుంది అంటే చాలు. అందులో అబద్ధమని పట్టుకోగలిగేవాళ్లు ఎవరూ లేరు. వైశాలి గ్లాసు కింద పెట్టింది.

"తెలీదు. ఏమిటో చెప్పగలను గానీ బాగుందో లేదో నోట్లో పెట్టకుండా చెప్పలేను. బిరడా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. రేపు చెబుతాను. ఇందాక ఆ గ్రూనర్ గురించి చెప్పింది కూడా రేపు చూసి చెబుతాను."

"ఆర్డర్ ఇవాళ సాయంత్రంలోగా చెప్పాలి. రేపు మనకు సెలవు."

"అయితే నా మాట మీద కొనకండి."

గ్లెనిస్ కప్పు తీసుకుంది. లంచ్ టైమ్ అయింది, బల్లలు సర్దమని చెప్పి లేచిపోయింది.

ఆ రోజంతా వైశాలి పళ్లేలు మోసింది. లియామ్ అప్పుడే సొమెలియర్ అయిపోయినట్టు సీసాల అర ముందు నిలబడి వరసలు మారుస్తున్నాడు. కోల్డ్ రూమ్‌లోకి నిమ్మకాయల కోసం వెళ్లినప్పుడు ఆమెకు ఏడుపు వచ్చింది. ముందు స్వామి మీద కోపం వచ్చింది. తర్వాత తనమీద, ఆ తర్వాత బుధవారం నాటి అష్టమి మీద. నిమ్మకాయలు తీసుకుని, ముక్కు చీదుకుని బయటికి వచ్చింది. ఉద్యోగం పోయిందని ఆమెకు ఖాయమైపోయింది. అయినా చేసింది తప్పని మాత్రం ఎంత వెతికినా అనిపించలేదు, అదే వింత.

ఇంటికి వచ్చేసరికి భార్గవ్ అన్నం వండి ఉంచాడు. నేను చెప్పానా అని అనలేదు, అందుకు అతన్ని మెచ్చుకోవాలి. వదిలెయ్, వేరే చోట ట్రై చేద్దాం అన్నాడు. వైశాలి రోజు మొత్తానికి ఆ ఒక్క పూటా తింటూ, రేపు పొద్దున్నే వెళ్లాలి అంది. ఎక్కడికని అడిగాడు.

"రేపు చెబుతానన్నా గ్లెనిస్‌కి. వెళ్లి చెప్పాలి."

"జాబే ఇవ్వనప్పుడు ఎందుకు చెప్పడం?"

"జాబ్ ఇస్తేనే చెబుతానని అన్లేదుగా."

ఆదివారం రైళ్లు లేవు, పట్టాల పని జరుగుతోంది. బదులు వేసిన బస్సు ఊరంతా తిరిగి తిరిగి వెళ్లింది. నాలుక శుభ్రంగా ఉండాలని ఆమె కాఫీ కూడా తాగలేదు. తెనాలి పిల్ల పొద్దున్నే కాఫీ లేకుండా బస్సెక్కిందంటే ఎంత పట్టుదల మీద ఉందో అర్థం చేసుకోవచ్చు. గ్లెనిస్ రెస్టారెంట్ పైనే ఉంటుంది. బెల్ కొడితే తోట పని చెప్పులతో, చేతులకు మట్టితో వచ్చి తలుపు తీసింది. ఎందుకు వచ్చావని అడగలేదు.

"ఫ్రిజ్‌లో ఉన్నాయి," అంది చేతులు కడుక్కుంటూ.

సీసాలన్నీ బిరడాలు పెట్టి ఉన్నాయి. గ్లెనిస్ గ్లాసులు తెచ్చింది, ఉమ్మడానికి బకెట్ తెచ్చింది. వైశాలి ఒక్కొక్కటీ నోట్లో పోసుకుని, తిప్పి, ఉమ్మి చెప్పింది. షాబ్లీ కొనొచ్చు. గ్రూనర్ దగ్గర ఆగి మళ్లీ చూసింది. నిన్న ముక్కుతో మెచ్చుకున్నది ఇవాళ నోట్లో తేలిపోయింది. చివర చేదు పట్టేస్తోంది.

"నిన్న దీన్ని మంచి చేతి పని అన్నాను. తప్పు చెప్పాను. ఇది వద్దు."

"లియామ్ అన్నీ కొనమన్నాడు," అంది గ్లెనిస్.

లోయిర్‌ది కూడా కొనొచ్చంది. ఇక రీస్లింగ్ మిగిలింది. వైశాలి గ్లాసు పెదవులకు ఆనించి ఒక గుక్క తీసుకుంది. ఉప్పూ కారం అద్దని పచ్చి మామిడి చెక్క కొరికినట్టు పులుపు జివ్వున లేచింది. నోరంతా ఊరింది. ఆ పులుపు పోతే ఇంకేమీ ఉండదేమో అనుకుంటుండగా అడుగున చల్లగా, నిబ్బరంగా మరొకటి నిలబడింది. అది ఎంతసేపటికీ పోలేదు. నిన్న ఈ వైన్ గురించి చెప్పడానికి సిద్ధం చేసుకున్న మాటల్లో ఒక్కటి కూడా దీనికి సరిపోదని ఆమెకు తెలిసింది. నిన్న నోరు మూసుకున్నందుకు ఆమెకు చెప్పలేనంత సంతోషం వేసింది.

అప్పుడే గ్లెనిస్ ఫోన్ మోగింది. సీసాలు పంపిన దిగుమతి మనిషి. నిన్న సాయంత్రమే ఆర్డర్ చెబుతానని చెప్పి ఇంకా చెప్పలేదేమని అతను విసుక్కోవడం బల్ల ఇవతలికి కూడా వినిపిస్తోంది. గ్లెనిస్ అతని మాటలు అయ్యేదాకా వింది.

"నిన్న శనివారం," అంది. "మా సొమెలియర్ శనివారాలు రుచి చూడదు. ఇప్పుడు చూస్తోంది. నువ్వు ఆగు."

నోట్లో వైన్ ఉండగా వైశాలి మాట్లాడటానికి లేదు. కళ్ల నిండా నీళ్లు వచ్చాయి. ఆమె తొందరపడలేదు. ఆ గుక్క బకెట్లో ఉమ్మి, మరికాస్త రీస్లింగ్ గ్లాసులో పోసుకుని, మళ్లీ మొదటి నుంచి రుచి చూసింది.